మాదిరి శోకం

నా భార్య సుభద్ర పోయిన రోజు మా మండల విద్యాధికారి దండపాణి గారు పరామర్శకు వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని ఎండలోనే నిలబడ్డారు. మా అత్తగారు పైడమ్మ కూతురి పక్కన కూర్చుని, జుట్టు ముడి విప్పి, రాగం తీసి ఏడుస్తోంది. దండపాణి గారు ఒక చేత్తో జేబురుమాలు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. రెండో చేత్తో సెల్‌ఫోను పట్టుకుని ఆ ఏడుపును రికార్డు చేశారు. ఆయన మంచి మనిషి. రెండు పనులూ మనస్ఫూర్తిగానే చేశారు.

మా వైపు ఆడవాళ్లు చావు దగ్గర ఊరికే ఏడవరు. మాటలు చెప్పి ఏడుస్తారు. పోయిన మనిషి ఎప్పుడు పుట్టిందో, ఏమేం ఇష్టపడిందో, ఏ పాట్లు పడిందో, ఆ పాట్లు పెట్టింది ఎవరో అన్నీ పాటలోకి వస్తాయి. అందులో ఎవరి ప్రస్తావన వస్తే వాళ్లు తల వంచుకుని వినాలి. బదులు చెప్పకూడదు. ఎంత పొగరుబోతైనా ఆ కాసేపూ నోరు మెదపడు. ఇంకొక పద్ధతి కూడా ఉంది. ఏడ్చే మనిషి తనంతట తాను ఆపదు. ఇంటి మనిషి ఎవరైనా వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఇక ఊరుకోమని లేపాలి. లేపేవాళ్లు లేకపోతే పాట అలా సాగుతూనే ఉంటుంది.

ఆ రోజు దండపాణి గారికి జిల్లా కేంద్రంలో ఏదో సమావేశం ఉంది. ఆయన వాచీ చూసుకున్నారు. ఊరి పెద్దలు ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. నేను వెళ్లి మా అత్తగారి చెయ్యి పట్టుకుని లేపాను. పాట అక్కడితో ఆగింది.

పెద్దకర్మ అయ్యాక బడికి వెళ్లాను. నా బల్ల మీద ఒక ఉత్తర్వు ఉంది.

దాని సారాంశం ఇది. నేటి విద్యార్థులకు మన కళలూ సంస్కృతీ తెలియడం లేదు. కాబట్టి ‘వారసత్వ వికాసం’ అనే కార్యక్రమం కింద ప్రతి మండలమూ అంతరించిపోతున్న ఒక కళను ఎంచుకుని పిల్లలకు నేర్పాలి. ఒకరు ఎంచుకున్న కళను మరొకరు ఎంచుకోకూడదు. ఏడాది చివర పోటీలు, మార్కులు, ధ్రువపత్రాలు ఉంటాయి.

పక్క మండలాల వాళ్లు చురుకైనవాళ్లు. తప్పెటగుళ్లు ఒకరు తీసుకున్నారు. కోలాటం ఒకరు, కర్రసాము ఒకరు పట్టుకుపోయారు. ముగ్గుల కోసం రెండు మండలాలు దెబ్బలాడుకుంటే చుక్కల ముగ్గు ఒకరికీ గీతల ముగ్గు ఒకరికీ పంచారు. మా మండలం గుమస్తా సెలవులో ఉండి తిరిగొచ్చేసరికి జిల్లాలో కళలన్నీ అయిపోయాయి. దండపాణి గారు రెండు రోజులు దిగులుగా ఉన్నారు. మూడో రోజు ఆయనకు తన సెల్‌ఫోను గుర్తొచ్చింది.

నన్ను కార్యాలయానికి పిలిపించారు.

“కూర్చోండి మాస్టారూ. శోకం. ఎంత ప్రాచీనమైన కళ! ఇప్పుడు ఎవరేడుస్తున్నారు చెప్పండి? పెట్టెలో పెట్టి, మైకులో పాట వేసి, ఫలహారాలు పంచి పంపేస్తున్నారు. ఒక మహత్తర ప్రక్రియ మన కళ్ల ముందే నశించిపోతుంటే విద్యాశాఖ చేతులు కట్టుకుని కూర్చోజాలదు.”

“ఏడుపును బడిలో నేర్పుతామా సార్?”

“దశలవారీగా నేర్పుతాం. మీరే నోడల్ ఉపాధ్యాయులు. తెలుగు పండితులు, పైగా ఈ రంగంలో ఇటీవలి అనుభవం ఉన్నవారు. మీకంటే అర్హులు జిల్లాలో లేరు.”

నేను ఏమీ అనలేదు. ఆయన దాన్ని అంగీకారంగా రాసుకున్నారు.

“ఇంకో సంతోషకరమైన విషయం. మీ అత్తగారి రికార్డింగు రాష్ట్ర కార్యాలయానికి పంపాను. డైరెక్టరు గారు చలించిపోయారు. దాన్నే మాదిరి శోకంగా ఆమోదించారు. అందరు పిల్లలూ అదే నేర్చుకోవాలి. అందులో నా రాకను కూడా ప్రస్తావించారు, మీరు గమనించారో లేదో.”

గమనించాను. ఆ మాటలు ఇవి:

“నీ కాయితం ఏ బల్ల మీద పడుకుందే నా సుబద్రా,
కొండెక్కలేక ఎంత ఆయాసపడ్డావే నా తల్లీ,
రేపు రమ్మన్న బాబు ఇయ్యాల వచ్చినాడే,
లేచి పలకరించవే నా తల్లీ.”

సుభద్ర మా మండలంలోనే కొండ మీది బడిలో టీచరు. గుండె జబ్బు బయటపడ్డాక కింద ఉన్న ఏదైనా బడికి బదిలీ చేయమని దరఖాస్తు పెట్టుకుంది. దాని సంగతి కనుక్కోవడానికి వెళ్లిన ప్రతిసారీ దండపాణి గారు రేపు రమ్మన్నారు. విసుక్కుని అనలేదు. కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ అన్నారు.

ఎనిమిదో తరగతిలో పాఠం మొదలుపెట్టాను. మొదటి వారమే చిక్కు వచ్చింది. బడి శుభప్రదమైన స్థలం గనుక అక్కడ చావు, శవం, పాడె లాంటి మాటలు వాడరాదని కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. చావుకు ‘నిష్క్రమణ’ అనీ, శవానికి ‘నిశ్చల పాత్రధారి’ అనీ పర్యాయపదాలు పంపారు. రెండో చిక్కు, ఎదురుగా ఎవరూ లేకుండా పిల్లలకు ఏడుపు రావడం లేదు. నవ్వు వస్తోంది. అందుకని మా అటెండరు లచ్చయ్యను బల్ల మీద పడుకోబెట్టమని దండపాణి గారు మౌఖికంగా చెప్పారు.

లచ్చయ్య మొదట ఒప్పుకోలేదు.

“ఇదేటి మాస్టారూ, రిటైరుమెంటుకి ముందే పడుకోబెట్టేస్తన్నారు?”

“కాసేపే లచ్చయ్యా. కళ్లు మూసుకో, చాలు.”

దమయంతి అనే పిల్ల ముందుకొచ్చింది. క్లాసులో గొంతు బాగున్నదీ, భయం లేనిదీ అదే. బల్ల పక్కన కూర్చుని, పైట లేదు గనుక యూనిఫారం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అందుకుంది.

“ఓలమ్మో నా లచ్చయ్య తాతో, నీలాగ లాంగుబెల్లు ఎవులు కొడతారో, మద్దేన్నం బోజనంలో నాకు రెండు గుడ్లు ఏసినావు తాతో...”

నిశ్చల పాత్రధారి ఒక కన్ను తెరిచాడు.

“రెండు గుడ్ల మాట పైకి అనకే గుంటా. ఆడిట్టోళ్లు ఇంటారు.”

క్లాసంతా నవ్వింది. కానీ దమయంతి ఆపలేదు. వర్షంలో తడిసిన పిల్లలకు లచ్చయ్య తన తువ్వాలు ఇవ్వడం, కప్పను చూసి భయపడ్డ ఒకటో తరగతి వాణ్ణి ఎత్తుకుని వరండా దాటించడం, అన్నీ చెప్పుకొచ్చింది. నవ్వు తగ్గిపోయింది. లచ్చయ్య మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

లేచాక కండువాతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు, “ఇన్నేళ్ల సర్వీసులో నా గురించి ఒక మంచి మాట ఇన్నది ఇయ్యాలే మాస్టారూ. రేపు కూడా పడుకోమంటారా?”

మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పిరియడు మొదలయ్యే ముందే బల్ల తుడుచుకుని సిద్ధంగా ఉండేవాడు. బతికున్న మనిషిని బడిలో ఏడుస్తున్నారని ఎవరో చెబితే ఆ వారం చివర అతని భార్య కోపంగా వచ్చింది. గుమ్మంలో నిలబడి దమయంతి పాట విన్నది. విన్న కొద్దీ ఆమె ముఖం మారింది.

“ఇంత మంచోడా ఈడు? ఉండండి, నానూ సెప్తాను,” అని బల్ల పక్కన చతికిలబడి రాగం ఎత్తుకుంది. పుస్తె తాకట్టు పెట్టినదీ, తాగి గొడ్ల సావిట్లో పడుకున్నదీ, పెద్ద పిల్ల పెళ్లిలో తగవు తెచ్చినదీ, ఒకటీ వదిలిపెట్టలేదు. పద్ధతి ప్రకారం లచ్చయ్య బదులు చెప్పడానికి లేదు. పిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. బడి వదిలే వేళ దాటిపోయింది. గంట కొట్టవలసిన మనిషి బల్ల మీద ఉన్నాడు. చివరికి నేనే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేను వాళ్ల ఇంటి మనిషిని కాను గనుక ఆమె ఒకపట్టాన లేవలేదు.

దీని మీద నేను కార్యాలయానికి నివేదిక పంపాను. శోకంలో రెండు పద్ధతులు ఉన్నాయనీ, వాటిని కూడా నేర్పాలనీ రాశాను. ఒకటి, వినేవాళ్లు తల వంచుకుని మౌనంగా ఉండడం. రెండు, ఇంటి మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని లేపడం. మొదటిది వెంటనే మార్గదర్శకాల్లో చేర్చారు. ‘శోక ప్రదర్శన జరుగుతున్నంతసేపు వేదిక మీది పెద్దలతో సహా అందరూ శిరస్సు వంచి మౌనం పాటించవలెను. శిరస్సు ఎత్తుట కళను అవమానించుటగా పరిగణించబడును.’ రెండోది తిరస్కరించారు.

“అది ప్రేక్షకుల జోక్యం అవుతుంది మాస్టారూ. ఇది వ్యక్తిగత అంశం. మధ్యలో ఒకరొచ్చి చెయ్యి పట్టుకుంటే మార్కులు ఎవరికి వెయ్యాలి?” అన్నారు దండపాణి గారు.

“మరి ఎప్పుడు ఆపాలి సార్?”

“సమయం అవగానే బెల్లు కొడతాం. ఆపేస్తారు. ఇందులో అంత సందేహం ఏముంది?”

లచ్చయ్యను బల్ల మీది నుంచి తప్పించమని కూడా అప్పుడే చెప్పారు. నాలుగో తరగతి ఉద్యోగిని పని వేళల్లో పడుకోబెట్టడం నిబంధనలకు విరుద్ధమట. అతని బదులు ఖాళీ కుర్చీ పెట్టుకోవచ్చన్నారు. లచ్చయ్య చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. గంట కూడా నీరసంగా కొట్టేవాడు.

ఆ తర్వాత కన్నీళ్ల సమస్య వచ్చింది. మార్కుల పట్టికలో స్వరానికి కొన్ని, హావభావాలకు కొన్ని, కన్నీటికి కొన్ని కేటాయించారు. పిల్లలకు రాగం వస్తోంది గానీ నీళ్లు రావడం లేదు. గ్లిజరిన్ రసాయన పదార్థం కాబట్టి వద్దన్నారు. ఉల్లిపాయలు వాడుకోవచ్చు గానీ మధ్యాహ్న భోజనం కోటాలోవి ముట్టుకోకూడదన్నారు. పోటీలు దగ్గర పడేకొద్దీ పిల్లల పుస్తకాల సంచుల్లోంచి ఉల్లి వాసన రాసాగింది.

ఇంటిపని కూడా ఇవ్వమన్నారు. కుటుంబంలో ఒక పెద్దను ఎంచుకుని, ఆయన ఎదుట సాధన చేసి సంతకం పెట్టించుకు రావాలి. మర్నాడు దమయంతి తాత పోలినాయుడు చేతికర్ర పట్టుకుని బడికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“నన్ను ఏడిసిందని కాదు బాబూ. ఏడవనీ, ఎప్పటికైనా ఏడవాల్సిందే. కానీ ఎంతసేపూ నా ఎద్దు గురించే ఏడిసింది. ఎద్దు అలా దున్నింది, ఎద్దు ఇలా నడిసింది అని. మరి నానేటి సేసినట్టు?”

“నీ గురించి ఏటి సెప్పాలి తాతా?” అంది దమయంతి పక్క నుంచి. “నువ్వెప్పుడూ నాతో మాటాడవు కదా. ఎద్దుతోనే మాటాడతావు.”

పోలినాయుడు చేతికర్ర తీసుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత దమయంతి చెప్పింది, తాత రోజూ సాయంత్రం పిలిచి తన చిన్నప్పటి సంగతులు చెబుతున్నాడట. ‘ఇది కూడా కలుపుకో’ అంటున్నాడట. ఈ కార్యక్రమం వల్ల జరిగిన మంచి ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని రాయడానికి నివేదికలో గడి లేదు.

ఇదంతా నేను భరించగలిగాను. భరించలేనిది మైదానంలో మొదలైంది.

మాదిరి శోకాన్ని పిల్లలందరూ కంఠస్థం చేయాలి. చేశారు. పిల్లలకు ఏదైనా కంఠస్థం అయిందంటే అది ఇక ఆటలోకి దిగుతుంది. తాడు గెంతుతూ ‘నా సుబద్రా’ అంటే ఒక గెంతు, ‘నా తల్లీ’ అంటే ఒక గెంతు. తడబడ్డవాళ్లు ‘కొండెక్కలేక’ అని పక్కకు తప్పుకోవాలి. వాళ్ల తప్పేమీ లేదు. ఆ పేరుగల మనిషి ఎవరో సగం మందికి తెలియదు. నేను పాఠం చెబుతుంటే కిటికీలోంచి ఆ పేరు వచ్చేది. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడేవాణ్ణి.

పాఠంలోంచి నా భార్య పేరు తొలగించమని దండపాణి గారికి విజ్ఞాపన రాసి ఇచ్చాను. ఇంకేమీ కోరలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మా అత్తగారు ఎప్పటిలాగే నన్ను కేకలేసింది. కూతురు పోయాక ఆమె నా దగ్గరే ఉంటోంది. నేను సరిగ్గా తిననని ఒక తిట్టు, బట్టలు ఆరేయడం రాదని ఒక తిట్టు, ఇప్పటిదాకా కంట తడి పెట్టలేదని ఒక తిట్టు.

“రాయివి బాబూ నువ్వు. సదువుకున్న రాయివి,” అంది పులుసు వడ్డిస్తూ. తర్వాత ఆమె ముఖం కొంచెం విప్పారింది. “ఊళ్లో అందరూ సెప్తన్నారు. బడి పిల్లలందరి నోటా నా సుబద్ర పేరేనంట కదా. పక్కూరి బడిలో కూడానంట. పిల్లాజెల్లా లేకుండా ఎలిపోనాది, దాని పేరు తలిసేవోళ్లు ఎవులుంటారని బెంగెట్టుకున్నాను. గవుర్నమెంటోళ్లు సల్లగుండాలి.”

నేను అన్నం కలుపుకున్నాను.

నా విజ్ఞాపన మంజూరైంది. సుభద్ర ఆ కార్యాలయానికి పెట్టుకున్న దరఖాస్తుకూ దీనికీ తేడా ఏమిటో తెలియదు గానీ, ఇది నాలుగు రోజుల్లోనే మంజూరైంది. ఒక్క వ్యక్తి పేరు ఉండడం వల్ల మిగతా పేర్లవారికి అన్యాయం జరుగుతుందని సవరణల సంఘం కూడా భావించిందట. పేరు స్థానంలో ‘ఫలానా’ అని పెట్టారు. ఎలాగూ కూర్చున్నారు గనుక మిగతాది కూడా సవరించారు. దండపాణి గారు కొత్త ప్రతిని స్వయంగా చదివి వినిపించారు.

“నీ కాగితం త్వరితగతిన పరిశీలనలో ఉన్నదే ఓ ఫలానా,
కొండనెక్కి ఆరోగ్యం పెంపొందించుకున్నావే ఓ ఫలానా,
అధికారులు సకాలంలో విచ్చేశారే,
లేచి పలకరించవే ఓ ఫలానా.”

“మూలంలో ఫిర్యాదు ధోరణి కొంచెం ఎక్కువగా ఉంది మాస్టారూ. లేత మనసులు. అందుకని సానుకూల దృక్పథం జోడించాం. అయితే ‘లేచి పలకరించవే’ ముట్టుకోలేదు. దానికి సాహిత్య విలువ ఉంది.”

మా అత్తగారికి ఈ సంగతి చెప్పాలనుకున్నాను. ఆమె అప్పటికే పోటీల రోజు కోసం జరీ అంచు చీర తీసి ఎండలో వేసింది. జిల్లా కేంద్రానికి ఆమెను ముఖ్య అతిథిగా పిలిచారు. చెప్పలేదు.

పోటీలు ఒక కల్యాణ మండపంలో జరిగాయి. ద్వారం మీద ‘జిల్లాస్థాయి శోకోత్సవానికి ఆనందంగా విచ్చేయండి’ అని ఫ్లెక్సీ కట్టారు. మా మండలంలో ఈ కళ ఇంత పేరు తెచ్చుకునేసరికి మిగతా మండలాలు కూడా నిబంధన సడలించుకుని, తమ తమ కళలను వదిలేసి దీంట్లోకి వచ్చేశాయి. తప్పెటగుళ్ల పిల్లలు గజ్జెలతో వచ్చి ఏడ్చారు. వ్యాఖ్యాత ఉత్సాహవంతురాలు. ఒక్కొక్క అంశం కాగానే, “ఎంత బాగా ఏడ్చిందండీ! గట్టిగా చప్పట్లు!” అంటోంది.

వేదిక మీద డైరెక్టరు గారు, దండపాణి గారు, మధ్యలో మా అత్తగారు. ఆమెకు శాలువా కప్పారు. పూలదండ వేశారు. మంచి కుర్చీ కావడం వల్ల ఆమె కాళ్లు నేలకు ఆనలేదు. నేను ముందు వరసలో కూర్చున్నాను.

మా బడి వంతు వచ్చింది. దమయంతి వేదిక మీదికి వెళ్లి, ఖాళీ కుర్చీ ముందు కూర్చుని, కొత్త ప్రతిని రాగం తీసింది. మార్గదర్శకాల ప్రకారం అందరూ తలలు వంచారు. మా అత్తగారు వంచలేదు. ఆమె ఆ పిల్ల నోటినే చూస్తోంది, ఆ పేరు ఎప్పుడు వస్తుందా అని. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మైకు ఆమెకు దగ్గరగా ఉండడం వల్ల తర్వాతి మాటలు హాలంతా వినిపించాయి.

“ఫలానా అంటే ఎవుల పిల్ల బాబూ?”

“అది సార్వజనీనమైన పాత్ర అమ్మా,” అన్నారు దండపాణి గారు తల వంచుకునే, గొంతు తగ్గించి.

“రాగం నాది. మాటలు కూడా నావిలాగే ఉన్నాయి. నా పిల్లేది?”

“పేరు తీసేశామమ్మా. మేము కాదు, మీ అల్లుడుగారే కోరారు.”

ఆమె నా వైపు చూసింది. అంత దూరం నుంచి కూడా చూపు తగిలింది.

దండ తీసి కుర్చీ మీద పెట్టింది. శాలువా కూడా మడిచి పెట్టింది. కుర్చీ దిగి, వేదిక మధ్యకు వచ్చి, దమయంతి పక్కన చెక్క నేల మీద కూర్చుంది. జుట్టు ముడి విప్పింది. ఎదురుగా ఎవరూ లేని చోట, పడుకున్న మనిషి తల ఉండవలసిన చోట, అరచేతితో నేలను నిమిరింది. దమయంతి పాడడం ఆపేసి, మైకు తీసి ఆమె ముందు పెట్టి, పక్కకు జరిగి తను కూడా తల వంచింది.

“ఓలమ్మో నా సుబద్రా,
పేరెట్టి పిలిస్తే పలికేదానివే నా తల్లీ,
పేరే తీసేసినారే, ఇంకేటని పిలవనే నా తల్లీ,
అల్లుడు బాబే తీయించినాడంట,
నీ పేరు మొయ్యలేకపోనాడంటే నా తల్లీ.”

నేను తల వంచాను. బదులు చెప్పకూడదు.

ఆ తర్వాత ఆమె మొదటి నుంచి ఎత్తుకుంది. చావు రోజున పాట చివరి నుంచి మొదలైంది, తెగిపోయింది. ఈసారి పుట్టుక నుంచి. ముసురు పట్టిన రోజున మంత్రసాని ఏరు దాటలేకపోతే పిల్ల తనంతట తానే వచ్చేసిందట. పాకడానికి ముందే పలక పట్టుకుందట. నాకు తెలియని సుభద్ర. హాల్లో ఎవరో ముక్కు చీదారు. ఆ రోజంతా ఉల్లిపాయలతో ఎర్రబడిన కళ్లలో ఇప్పుడు వేరే నీళ్లు వచ్చాయి.

బెల్లు కొట్టారు. ఆమె ఆపలేదు. మళ్లీ కొట్టారు. పాట ఆ శబ్దాన్ని దాటుకుని పోయింది. వ్యాఖ్యాత అలవాటుగా చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కలవకపోయేసరికి చేతులు దించేసింది. డైరెక్టరు గారు వంచిన తలను ఎత్తకుండానే కళ్లు మాత్రం పక్కకు తిప్పి దండపాణి గారిని చూశారు. దండపాణి గారు ఒళ్లో పెట్టుకుని మార్గదర్శకాలు తిరగేస్తున్నారు. ఆయన ముఖంలో రంగు మారింది. పాట పుట్టుక నుంచి వస్తోందంటే ఎక్కడికి వెళ్తోందో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది. ఆ పాత చరణంలో ఉన్నది తన రాక గురించి పొగడ్త కాదని కూడా అప్పుడే తెలిసి ఉండాలి.

ఆయన లేచారు. తల ఎత్తితే కళకు అవమానం గనుక, నడుము దాకా వంగి, మెట్లు తడుముకుంటూ దిగి నా కుర్చీ దాకా వచ్చారు.

“మాస్టారూ, ఇది ఎందాకా?”

“సుభద్ర బతికినంత కాలం సార్.”

“అంటే... దరఖాస్తు అవీ కూడా...”

“వస్తాయి సార్. వరసలో వస్తాయి.”

ఆయన నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. “డైరెక్టరు గారి ముందు బాగుండదు. మైకు ఆపించనా?”

“కళను అవమానించడం అవుతుంది సార్.”

“మరి ఎలా ఆపాలి?”

“ఇంటి మనిషి ఎవరైనా వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఊరుకోమని లేపాలి సార్.”

“మీరే కదా ఇంటి మనిషి! ఆ రోజు మీరే లేపారు, నేను చూశాను. వెళ్లండి మాస్టారూ, త్వరగా వెళ్లండి.”

నేను మా అత్తగారి వైపు చూశాను. నేలను నిమిరే ఆ చెయ్యి ఎక్కడా ఆగడం లేదు.

“మార్గదర్శకాలు ఒప్పుకోవు సార్,” అన్నాను. “ప్రేక్షకుల జోక్యం నిషిద్ధం.”

ఆయన అలాగే వంగి మెట్లెక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

వెనక వంటశాలలోంచి పులిహోర వాసన వస్తోంది. వేదిక మీద పెద్దలందరూ తలలు వంచుకుని ఉన్నారు. పాటలో సుభద్ర అయిదో తరగతికి వచ్చింది. పక్కూరి బడికి ఏరు దాటి ఒక్కతే వెళ్తోంది. బదిలీ దరఖాస్తు ఇంకా చాలా దూరంలో ఉంది.

నేను లేవలేదు. తల వంచుకుని విన్నాను.